మొదటి పూట పాలు

పాల క్యాను పెరటి అరుగు మీద పెట్టి గురవయ్య చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"వదినె, తెల్లారంగ ఈనింది బర్రె. ఇవి మొదటి పూట పాలు. మొన్న చాయ్ హోటల్ కాడ అన్న జున్ను తినాల్నని ఉందన్నడు. అందుకే ముందుగాల ఇటే తెచ్చిన. మా ఇంట్ల ఇంకా ఎవ్వలు నాలుకకు తాకియ్యలే."

బియ్యం చెరుగుతున్న వసంతలక్ష్మి చాట పక్కన పెట్టి లేచింది. "ఇంత పొద్దుగాలనే ఎందుకు తెచ్చినవ్ గురవయ్యా, నేనే ఎవలనన్న పంపుదును గదా" అన్నది కానీ ముఖం మాత్రం విచ్చుకుంది. మూత తీసి చూసింది. పసుపు కలిపినట్టు చిక్కగా, ఒక పక్కకు వంచితే మెల్లగా జరుగుతున్నాయి పాలు. క్యాను ఇంకా గోరువెచ్చగా ఉంది.

"అన్న మగ్గం మీదున్నడా?"

"ఆ. పోయేలోపల ఆ చీర దించాలంటడు. వద్దంటే ఇంటడా?"

గురవయ్య కిటికీలోంచి మగ్గం గదిలోకి తొంగి చూసి, "అన్నా, నేను పోతున్న. మంచిగ తిను" అని కేకేసి, వచ్చిన పెరటి దారినే వెళ్లిపోయాడు. ఆయన ఎప్పుడూ ఆ దారినే వస్తాడు. అట్లా రమ్మని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముందు వాకిట్లోంచి రావయ్యా అని కూడా ఈ పదేళ్లలో ఎవరూ చెప్పలేదు.

వసంతలక్ష్మి భర్త నరహరికి నాలుక ఎడమ పక్కన పుండు లేచి ఆరు నెలలైంది. పన్ను గీసుకున్నదనుకున్నారు, వేడి చేసిందనుకున్నారు, చివరికి హైదరాబాద్ దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేస్తే సంగతి తేలింది. సోమవారం ఆపరేషన్. నాలుక ఎంత తీస్తారో కోసిన తర్వాతే తెలుస్తుందట. మాట ఎంత మిగులుతుందో, రుచి ఎంత మిగులుతుందో డాక్టరు ముందుగా చెప్పలేనన్నాడు. ఆ మాట విన్న రోజు నరహరి దేవరకొండ బస్సు దిగేదాకా నోరు విప్పలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "పోయే ముందు జున్ను తినాలె వసంతా" అన్నాడు. మాంసం అడగలేదు, కల్లు అడగలేదు. నమలాల్సినవేవీ ఎట్లాగూ నోట్లోకి పోవు. జున్నుపాలు దుకాణంలో దొరికేవి కావు. బర్రె ఈనినవాళ్లు తమంతట తాము తెచ్చిస్తే తప్ప ఎవరినీ అడగడానికి కూడా ఉండదు. అట్లాంటిది వారం తిరగకముందే క్యాను అరుగు మీదికి నడిచొచ్చింది.

వసంతలక్ష్మి బెల్లం డబ్బా కోసం లోపలికి తిరిగేసరికి గడపలో లీలమ్మ నిలబడి ఉంది. లీలమ్మ నరహరికి అక్క. తమ్ముణ్ణి చూడడానికి కల్వకుర్తి నుంచి వచ్చి రెండు రోజులైంది. ఆపరేషన్ తర్వాత నెల రోజులు దవాఖాన చుట్టూ తిరగాలి కాబట్టి, హైదరాబాద్‌లో వీళ్లుండబోయేది ఆమె కొడుకు ఇంట్లోనే.

"ఎవలాయినె?" అని అడిగింది లీలమ్మ.

"గురవయ్య. మీ తమ్మునికి దోస్తు."

"ఏడుంటడు?"

"కాలనీల."

లీలమ్మ అరుగు దగ్గరికి నడిచింది. అరుగు మీద క్యాను పక్కనే తను మంచినీళ్లు తాగే చెంబు ఉంది. అది తీసి లోపల పెట్టుకుని వచ్చింది. అంతే చేసింది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తూ, "నీ ఇల్లు, నీ పొయ్యి. నేనెందుకు చెప్త? నేనైతే ముట్ట. రేపు మా కోడలడుగుతది, మామకు ఏం పెట్టుకొస్తిరి అని. దానికి జర పట్టింపెక్కువ. ఏం చెప్పాల్నో నువ్వే చెప్పుకో" అన్నది.

నిజానికి వసంతలక్ష్మి పట్టింపులున్న మనిషి కాదు. కనీసం తన గురించి తను అట్లాగే అనుకునేది. తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు పెట్టిన రోజుల్లో ఈమె కూడా బస్టాండు ముందు కూర్చుని పులిహోర తిన్నది. ఆ పులిహోర ఎవరు కలిపారో ఆమె అడగలేదు, ఎవరూ అడగలేదు. నరహరికీ గురవయ్యకూ దోస్తానా కలిసింది కూడా ఆ దీక్ష టెంటు కిందనే. రోజూ ఈమె పాలు తెచ్చుకునే పాలకేంద్రంలో సుక్కమ్మ పోసే పాలూ, పటేళ్లు పోసే పాలూ ఒక్క డ్రమ్ములోనే పడతాయి. సుక్కమ్మ అంటే గురవయ్య భార్య. ఆ పాలతోనే ఈ ఇంట్లో చాయ్ కాగుతుంది, పెరుగు తోడుకుంటుంది, అందులోంచే లీలమ్మ పొద్దున రెండు గ్లాసుల చాయ్ తాగింది. ఇవన్నీ వసంతలక్ష్మికి తెలుసు. తెలిసి కూడా చేత్తో క్యాను పట్టుకుని నిలబడింది.

నెల రోజులు ఒకరింట్లో ఉండాలి. ముక్కులో గొట్టం వేసుకున్న మనిషిని పెట్టుకుని, ఆ కోడలు పెట్టింది తింటూ, ఆ కోడలి పొయ్యి మీద గంజి కాచుకుంటూ ఉండాలి. ఇదంతా ఆమె మనసులో ఒక్క నిమిషంలో తిరిగింది. తర్వాత, అంత ఆలోచించి చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆమె చెయ్యి ఆమె కంటే ముందే వంగింది. పెరట్లో బోరింగు పక్కన మోరీలోకి పాలన్నీ ఒంపేసింది.

"క్యాను మీద జర వేడినీళ్లు పొయ్యి" అన్నది లీలమ్మ, ఆకు మడిచి నోట్లో పెట్టుకుంటూ.

స్నానాల కోసం కాగులో నీళ్లు మరుగుతున్నాయి. వసంతలక్ష్మి నాలుగు మగ్గులు క్యానులో పోసి, చింతపండు వేసి, పీచుతో గరగరా తోమింది. నీళ్లు మోరీలో పారబోసింది. ఇంకో నాలుగు మగ్గులు పోసింది. తోమిన క్యానునే మళ్లీ తోమింది. మూడోసారి నీళ్లు ఒంపబోతూ కిందికి చూసి అట్లాగే ఆగిపోయింది.

మగ్గం గదిలోంచి వచ్చే నూలు పీచులు అడ్డం పడి ఆ మోరీ ఎప్పుడూ సరిగ్గా పారదు. పోసిన పాలు పారకుండా అక్కడే నిలిచాయి. వాటి మీద మరుగుతున్న నీళ్లు పడ్డాయి. పాలు పేరుకున్నాయి. మోరీలో, రంగు నీళ్ల మరకల మధ్య, లేత పసుపు రంగులో మెత్తగా, గడ్డలు గడ్డలుగా జున్ను అయింది.

ఆమె చీపురు తెచ్చి నెట్టింది. గడ్డలు చిట్లి, కొన్ని బండ కిందికి పోయాయి, కొన్ని అక్కడే చీపురు పుల్లలకు అంటుకున్నాయి. కమ్మటి వాసన వచ్చింది. ఆ వాసనకు వసంతలక్ష్మికి ఎంత సిగ్గు వేసిందంటే, చుట్టుపక్కల లీలమ్మ తప్ప ఎవరూ లేకపోయినా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది.

మధ్యాహ్నానికి నరహరికి జున్ను కావాలి. పాలొచ్చిన సంగతి ఆయనకు తెలుసు. గురవయ్య కిటికీలోంచి కేకేసి మరీ చెప్పి పోయాడు. వసంతలక్ష్మి పాలకేంద్రం పాలు అర లీటరు తీసుకుంది. రెండు గుడ్లు పగలగొట్టి, నురుగు రాకుండా మెల్లగా గిలకొట్టింది. బెల్లం కరిగించి వడకట్టి పోసింది, యాలకుల పొడి రెండింతలు వేసింది. మిరియాల పొడి వేయలేదు, పుండు మండుతుంది. చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెను పెద్ద గిన్నె నీళ్లలో దించి, మూత మీద పొత్రం పెట్టి సన్న సెగ మీద ఉడికించింది. ఫోనులో ఎప్పుడో చూసింది, జున్నుపాలు లేకుండా జున్ను చేసే పద్ధతి. అప్పుడు నవ్వుకుంది, ఇదేం దిక్కుమాలిన తిండి అని.

పుల్ల గుచ్చి చూస్తే పుల్లకు ఏమీ అంటలేదు. చూపుకు బాగానే ఉంది. చల్లారబెట్టి, చెంచాతో మగ్గం గదిలోకి తీసుకుపోయింది.

నరహరి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం పలక కొట్టడం ఆపి, పేక దారం నడిపే నాడెను గుంట అంచు మీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. ఈమధ్య ఆయన తినడం చూస్తే ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చెంచాను కుడి పక్కకు తీసుకుపోయి, తల వంచి, బుగ్గలోకి జారవిడుచుకుని, కళ్లు మూసుకుని మింగుతాడు. మొదటి చెంచా మింగాడు. కళ్లు తెరవలేదు. రెండో చెంచా తీసుకుని చాలాసేపు బుగ్గలోనే ఉంచుకున్నాడు.

"ఎట్లున్నది?" అన్నది ఆమె.

"మెత్తగున్నది" అన్నాడు. గిన్నె ఖాళీ చేసి ఇచ్చి, నాడె అందుకున్నాడు.

బాగుందని అనలేదు. వసంతలక్ష్మి ఆ గిన్నె పట్టుకుని గడప దాటేదాకా ఆ ఒక్క మాటనే తిరగేసుకుంది. మెత్తగున్నది అన్నాడు. అబద్ధం చెప్పని మాట అది, ఆమెకు మాత్రం ఒక్క ముల్లు గుచ్చుకున్నట్టయింది.

మర్నాడు పొద్దున సుక్కమ్మ క్యాను కోసం వచ్చింది. ఆమె కూడా పెరటి దారినే వచ్చింది. తడక తోసుకుని లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా బోరింగు, బోరింగు పక్కన మోరీ. పక్కింటి కోళ్లు రెండు బండ కింద ముక్కులు పెట్టి ఎగబడి తింటున్నాయి. ఒక కోడి ముక్కున పసుపుపచ్చటి ముక్క పట్టుకుని పక్కకు పరుగెత్తింది, ఇంకోటి దాని వెంట పడింది.

వసంతలక్ష్మి "ష్, ష్" అంటూ కోళ్ల మీదికి ఉరికింది. చేతికి రాయి దొరికినా విసిరేదే. అప్పటికే ఆలస్యమైంది. సుక్కమ్మ అక్కడే నిలబడి మోరీని చూస్తోంది. బర్రెను సాకేవాళ్లకు జున్ను కనిపిస్తే ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"క్యాను ఇయ్యరాదమ్మా, పాత బర్రె పాలు సెంటర్‌కు పొయ్యాలె" అన్నది సుక్కమ్మ. గొంతులో తేడా ఏమీ లేదు.

వసంతలక్ష్మి క్యాను తెచ్చి ఇచ్చింది. ఎండకు తళతళ మెరుస్తోంది. సుక్కమ్మ దాన్ని చేతిలో ఒకసారి తిప్పింది.

"కడిగినవా?"

"ఆ. మంచిగ తోమిన."

"జున్నుపాల గిన్నె కడుగరమ్మా. అట్లనే ఇచ్చేస్తరు. బర్రెకు పాలు తగ్గుతయంటరు మా అత్తమ్మోళ్లు." క్యాను మూత బిగిస్తూ, అడిగీ అడగనట్టు అన్నది: "మంచిగైందా?"

"అయింది సుక్కమ్మా, మస్తుగైంది. మీ అన్న గిన్నె మొత్తం తిన్నడు."

"ఎన్ని పాలు కలిపినవ్?"

వసంతలక్ష్మికి అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగి ఆమె బర్రె ఉన్న ఇంట్లో ఉండలేదు. ఎప్పుడైనా ఎవరైనా వండిన జున్నే తెచ్చిచ్చేవాళ్లు. గుచ్చి అడుగుతోందేమోనని భయపడి, గొప్పగా చెప్తే నమ్ముతుందనుకుని, "ఏం కలపలే, ఉత్తగ అవే వండిన. అంత మంచి పాలల్ల వేరే పాలెందుకు?" అన్నది.

సుక్కమ్మ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. మొదటి పూట పాలలో మూడింతలు మామూలు పాలు కలపకపోతే జున్ను రబ్బరు ముక్కలా బిగుసుకుంటుంది. పళ్లున్నవాళ్లే కొరకలేరు. నాలుకకు పుండున్న మనిషి గిన్నెడు తినడం కల్ల. సుక్కమ్మ ఆ ముక్క చెప్పలేదు. "మంచిదమ్మా" అన్నది, క్యాను చంకన పెట్టుకుంది, తడక మళ్లీ దగ్గరగా వేసి వెళ్లింది. మోరీ వైపు మాత్రం రెండోసారి చూడలేదు.

చూసి తిట్టిపోసి ఉంటే వసంతలక్ష్మికి ప్రాణం నిమ్మళించేది. లీలమ్మ వంటింట్లోంచి, "ఏమంటది?" అని అడిగింది.

"ఏమన్లే."

"మరి గా ముఖమేంది? నేనేమన్న పారబొయ్యి అన్ననా? నువ్వే పోసుకున్నవ్, మల్ల నా ముంగట ముఖం ముడుచుకోకు."

అదీ నిజమే. పారబోయమని ఆమె అనలేదు.

ఆ సాయంత్రం నరహరి చీర దించాడు. మడత పెడుతూ, "సుక్కమ్మ వచ్చిందా పొద్దున?" అన్నాడు. వచ్చి క్యాను తీసుకుపోయిందని చెప్పింది. "ఏమన్న అడిగిందా?" అన్నాడు. మంచిగైందా అని అడిగిందన్నది. "ఏం చెప్పినవ్?" అన్నాడు. "మంచిగైందని చెప్పిన." నరహరి తల ఊపి, మడత మీద అరచేయి పెట్టి ముడతలు సాఫు చేశాడు. ముడతలు పోయినా ఆపలేదు. భర్త తన ముఖం చూడకుండా ఉండడానికే ఆ పని చేస్తున్నాడని వసంతలక్ష్మికి అనిపించి, అక్కడ నిలబడలేక దీపం పెట్టే వంకతో బయటికి వచ్చింది.

శనివారం పొద్దున నరహరి కటింగ్ చేయించుకుని వస్తానని వెళ్లాడు. ఆదివారం పొద్దున బస్సు. లీలమ్మ సంచుల్లో బట్టలు సర్దుతోంది. వసంతలక్ష్మి స్టీలు డబ్బా ఒకటి తీసుకుని కొంగు కింద పెట్టుకుంది, మళ్లీ ఎందుకో బయటికి తీసి చేత్తోనే పట్టుకుంది.

"యాడికి?" అన్నది లీలమ్మ.

"జున్నుపాలకు" అన్నది వసంతలక్ష్మి. లీలమ్మ చేతిలో చీర మడత ఆగింది. ఆమె ఏదైనా అనేలోపల ముందు వాకిట్లోంచి బయటపడింది.

మూడో రోజు పాలు కొంచెమైనా పేరతాయని వీధి చివర కిరాణం కొట్టు ఆమె చెప్పింది. నాలుగో రోజైతే పేరవట. ఈ పూట పోతే ఇక లేదు. ఖిల్లా గుట్ట పక్క నుంచి కాలనీ దాకా ఒకటిన్నర కిలోమీటరు నడవాలి. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. పోయిన పాలు పోయాయి, ఆయన కోసం కొన్ని ఇవ్వమని అడగాలి. తప్పయిందని కూడా చెప్పాలి. సుక్కమ్మ ఎట్లాగూ చూసింది. చెప్తే గుండె మీది బరువు దిగుతుంది. అట్లా అనుకోగానే నడక తేలికైంది కూడా. గురవయ్య కొడుకు డానియల్ పెళ్లికి వీళ్లు ఫంక్షన్ హాలుకు పోయి భోజనం చేశారు గానీ ఇంటికి మాత్రం ఎన్నడూ పోలేదు. ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. పదేళ్లుగా పెరట్లోకి వచ్చిపోయే మనిషి ఇల్లు.

రేకుల కొట్టం ముందు బర్రె నెమరేస్తోంది. దుడ్డె దాని కడుపు కింద తలతో కుమ్ముతోంది. మేళ్లచెరువు సిమెంట్ ఫ్యాక్టరీలో పని చేసే డానియల్ మొదటి జీతాలతో తల్లికి కొనిచ్చిన బర్రె అది. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో, కొత్త క్రాపుతో, నరహరి కూర్చుని ఉన్నాడు. చేతిలో గిన్నె, చెంచా.

భార్యను చూసి ఆయన చెంచా ఆపాడు.

"రా వదినె, రా!" గురవయ్య లేచి ఇంకో కుర్చీ దులిపాడు. ఆ మనిషి సంబరం చూడాలి. "అన్న తనంత తనే వచ్చిండు, సుక్కమ్మా జర జున్ను పెడుతవా అనుకుంట. గురువారం తిన్నది సాల్లేదంట! అంత మంచిగ వండినవా వదినె? మూడో దినం పాలు, గంత గట్టిగ కాలే గాని తినబుద్ధయితాంది. నువ్వు కూడ డబ్బా పట్టుకొచ్చినవ్. ఇగో, ఇద్దరికిద్దరు సరిపోయిన్రు!"

కుంపటి ముందు కూర్చున్న సుక్కమ్మ తల తిప్పలేదు.

నరహరి ఆమెనే చూస్తున్నాడు. ఆయనకు తెలుసని ఆ చూపుతో తేలిపోయింది. గుడ్డు వాసన మొదటి చెంచాలోనే తెలిసిపోయి ఉంటుంది. తెలిసీ ఆమెను అడగలేక, అడిగి ఆమెతో ఇంకో అబద్ధం చెప్పించలేక, కటింగ్ అని చెప్పి ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు కూడా ఊరుకోమనే చూస్తున్నాడు. అది ఆమెకు అర్థమైంది. కానీ దారంతా మూటగట్టుకొచ్చిన మాట గొంతులోకి వచ్చేసింది.

"నేను జున్ను వండలే గురవయ్యా. నువ్వు తెచ్చిన పాలు మోరీల పోసిన."

గురవయ్య నవ్వు ముఖంతోనే, "అయ్యో, చెయ్యి జారిందా వదినె?" అన్నాడు.

ఎంత మంచి వంక దొరికింది! ఊ అంటే చాలు. నరహరి కళ్లు కూడా ఊ అనమన్నాయి.

"జారలే. పోసిన. మా వదినె ఉండె... ఏమనుకుంటదో అని..."

ఇక ముందుకు చెప్పడానికి ఏముంది? గురవయ్య ముఖంలో నవ్వు ఒకేసారి పోలేదు. పెదవుల మీద ఉండిపోయి, కళ్లలోంచి ముందు పోయింది. దులిపిన కుర్చీ వీపు మీద చెయ్యి అట్లాగే ఉంది.

"దుడ్డెకు సగమే తాపిన ఆ పొద్దు" అన్నాడు చివరికి, ఎవరికో చెప్తున్నట్టు. "అన్నకు తక్కువైతయేమోనని గుంజి కట్టేసిన దాన్ని. అర్సుకుంటనే ఉండె."

ఆయన అరుగు దిగి, గడ్డి కట్ట విప్పి, బర్రె ముందు పరవడం మొదలుపెట్టాడు. దాని ముందు అప్పటికే బోలెడంత గడ్డి ఉంది.

సుక్కమ్మ అప్పుడు ఇటు తిరిగింది. కోపంగా లేదు. అలిసిపోయినట్టు మాత్రం ఉంది.

"నువ్వు చెప్పకుంటెనే మంచిగుండు అమ్మా. నాకు నిన్ననే ఎరుక. నరహరన్నకు ఎరుకే ఉంటది, లేకుంటె ఇటు రాడు. తెల్వనిది గా మనిషొక్కనికే. తెల్వద్దనే నేను ఊకున్న. మొన్నటి సంది కాలనీ అంత తిరిగి చెప్పుకుంటాండు, నరహరన్న మా బర్రె జున్ను తిన్నడు, తినే దవాఖానకు పోతాండు అని."

వసంతలక్ష్మి కుర్చీ అంచు మీద కూలబడింది. పాలు పారబోసింది తన కోసమే. ఇప్పుడు చెప్పింది కూడా తన బరువు దించుకోవడానికే. దించుకున్న బరువు తీసుకుపోయి ఆ గడ్డి పరిచే మనిషి వీపు మీద పెట్టింది. ఈ సంగతి ముందే తట్టి ఉంటే నోరు నొక్కుకునేది కదా అని ఏడుపొచ్చింది. తప్పు చేసిన సిగ్గు ఒకటైతే, ఒప్పుకున్న సిగ్గు దానికి రెండింతలైంది.

"తప్పైంది సుక్కమ్మా" అన్నది.

సుక్కమ్మ గిన్నెలో మిగిలిన జున్ను గరిటెతో తీసి నరహరికి ఇంకొంచెం పెట్టింది. పెట్టి, మిగిలినదాన్ని మూత వేయబోయింది. వసంతలక్ష్మికి పెట్టాలన్న ఆలోచనే ఆమెకు వచ్చినట్టు లేదు. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపే మనిషి కాదు. అయినా ఈమెకు మాత్రం నీళ్లు కూడా ఇవ్వలేదు. ఇస్తే తాగుతుందో తాగదోనని, తాగకపోతే ఎవరి ముఖం ఎక్కడ పెట్టుకోవాలోనని.

"నాకూ పెట్టు" అన్నది వసంతలక్ష్మి.

గురవయ్య గడ్డి దగ్గర్నుంచి తిరిగి చూశాడు. నరహరి చెంచా పక్కన పెట్టాడు. సుక్కమ్మ ఒక్క క్షణం ఆలోచించి, మూత తీసి, చిన్న గిన్నెలో రెండు గరిటెలు వేసి, ఆమె చేతికివ్వకుండా పక్కనున్న స్టూలు మీద పెట్టింది. ఆ పెట్టడం కూడా, చెయ్యి తగలకుండా, అలవాటైన పెట్టడమే.

వసంతలక్ష్మి గిన్నె అందుకుంది. జున్ను సరిగ్గా పేరలేదు, అంచుల్లో నీళ్లు ఊరుతున్నాయి. బెల్లం, యాలకులు, కుంపటి పొగ, అన్నీ కలిసిన వాసన. చెంచాడు తీసి నోట్లో పెట్టుకుంది. నాలుక మీద మెత్తగా, తియ్యగా విడింది. ఇదే రుచి ఆయన అడిగింది. ఇదే రుచి సోమవారం తర్వాత ఆయనకు తెలుస్తుందో లేదో. ఆ మాట మనసులోకి రాగానే కళ్లు నిండాయి. మింగబోయింది. దిగలేదు. మళ్లీ మింగబోయింది. ఏడుపు అడ్డం పడి, పెదవులు బిగపట్టుకుంది. కడుపులోంచి ఒక ఎక్కిలి వచ్చి, చేత్తో నోరు మూసుకుంది.

ముగ్గురూ చూస్తున్నారు.

వాళ్లకు ఏం కనిపిస్తోందో ఆమెకు అప్పుడు తెలిసింది. నోట్లో పెట్టుకున్నది మింగలేక, చేయి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతున్న మనిషి కనిపిస్తోంది. తల అడ్డంగా ఊపింది. నోరు నిండుగా ఉండడంతో మాట రాలేదు.

సుక్కమ్మ లేచి వచ్చి ఆమె చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకుంది.

"వద్దులే అమ్మా. బలిమికి తినకు. మేమేం అనుకోం."

వసంతలక్ష్మి అతి కష్టం మీద మింగింది. "అది కాదు సుక్కమ్మా" అన్నది. "అది కాదు. నాకు..."

ఏది కాదో ఎవరూ అడగలేదు. గురవయ్య బర్రె వీపు మీద ఈగలు తోలుతున్నాడు. సుక్కమ్మ ఆ గిన్నెలోది నరహరి గిన్నెలో ఒంపింది. నరహరి భార్య ముఖం వైపు ఒకసారి చూసి, తల వంచి, చెంచాను కుడి బుగ్గలోకి పెట్టుకున్నాడు.